రంగు చూసి పట్టుకోలేని రాయి: జింకు ఖనిజం గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చేయండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పైగా ఇవాళ నేను తెచ్చినవన్నీ గుప్పెట్లో పట్టే రాళ్ళు, అక్కణ్ణుంచి చూస్తే అన్నీ ఒకేలా కనపడతాయి.

మన కోనసీమ పిల్లలకి రాళ్ళ గురించి చెప్పడం కొంచెం కష్టమేనండి. ధవళేశ్వరం ఆనకట్ట దాటి కిందకొస్తే సముద్రం దాకా అంతా గోదారి తెచ్చి పోసిన ఒండ్రే కదా, బోరు వేస్తే ఇసక, దాని కింద బంకమన్ను, మళ్ళీ ఇసక. ఇంటికి కంకర కావాలంటే పంగిడి నుంచి లారీలో రావల్సిందే. అందుకే మనవాళ్ళకి రాయి అంటే నల్లది, గట్టిది, రోడ్డుకి పనికొచ్చేది, అంతే. ఖనిజం అంటే ఎక్కడో రాజస్థాన్ గొడవ, మనకెందుకులే అనుకుంటాం.

కానీ జింకు లేని ఇల్లు మన ఊళ్ళో ఒక్కటి చూపించండి. తాటాకు తీసేసి వేసుకున్న రేకులకి జింకు పూత, కొబ్బరితోట చుట్టూ లాగిన జి.ఐ. తీగకి జింకు పూత, అదే లేకపోతే ఈ ఉప్పుగాలికి ఆ తీగ ఎన్నాళ్ళుంటుందో మీకే తెలుసు. అజ్జరం నుంచి వచ్చే ఇత్తడి గుండిగలు, బిందెలు, గుడి గంటలు ఉన్నాయే, ఇత్తడి అంటేనే రాగిలో జింకు కలపడం, రకాన్ని బట్టి మూడోవంతు, ఒక్కోదాంట్లో ఇంకా ఎక్కువే జింకు ఉంటుంది. ఇంక దాళ్వా వరికి వేసే జింకు సల్ఫేటు సంగతి రైతులకి నేను చెప్పక్కర్లేదు. ఇదంతా ఎక్కడినుంచొస్తోంది అంటే, ప్రపంచంలో తవ్వే జింకులో చాలా మటుకు ఒకే ఒక్క ఖనిజం నుంచి. దాని పేరు స్ఫాలరైట్. కెమిస్ట్రీ పిల్లలకి ఇంకా తేలిక, జింక్ సల్ఫైడ్, జెడ్ ఎన్ ఎస్. స్వచ్ఛంగా ఉంటే నూటికి 67 పాళ్ళు జింకు, మిగతాది గంధకం. మా గనులవాళ్ళు ఇప్పటికీ బ్లెండ్ అనే అంటారు.

ఇదుగో బల్ల మీద నాలుగు ముక్కలు పెట్టేను. ఒకటి తేనెరంగులో పసుప్పచ్చగా వెలుతురు లోపలికి పోయేలా ఉంది, ఒకటి ముదురు గోధుమ, ఒకటి ఎర్రగా, ఈ చివరిది బొగ్గులా నల్లగా. ఇందులో స్ఫాలరైట్ ఏదో ఎవరైనా చెప్పండి. ఆ, నువ్వు చెప్పమ్మా... ఎర్రది గోమేధికమా? సరే. నల్లది ఇనప రాయా? మంచిది. ఈ పచ్చది? గుగ్గిలమా! (నవ్వులు) నవ్వకండయ్యా, ఈ అమ్మాయి తెలీకుండానే పుస్తకంలో మాట చెప్పేసింది. స్ఫాలరైట్ మెరుపుని వర్ణించేటప్పుడు గుగ్గిలంలాంటి మెరుపు అనే రాస్తారు, నిగనిగలాడుతూ కాస్త జిడ్డు రాసినట్టుంటుంది.

నాలుగూ స్ఫాలరైట్లేనండి. నాలుగూ జింక్ సల్ఫైడే. తేడా అల్లా ఇనుము. జింకు పరమాణువు కూచోవలసిన చోట ఇనుము వచ్చి కూచుంటుంది, రెండూ ఇంచుమించు ఒకే సైజు కాబట్టి రాయికి పెద్ద ఇబ్బంది ఉండదు. ఇనుము బాగా తక్కువుంటే పచ్చగా, ఒక్కోసారి దాదాపు రంగే లేకుండా ఉంటుంది, పెరిగేకొద్దీ గోధుమ, ఆ తర్వాత నలుపు, నూటికి పది పాళ్ళు దాటిందంటే పూర్తిగా నల్లబడి లోహంలా మెరవడం మొదలెడుతుంది. ఆకుపచ్చవి కూడా ఉంటాయి, ఇవాళ నా దగ్గర లేదు. అంచేత ఈ రాయి విషయంలో రంగు అనేది ఆఖర్న అడగాల్సిన సాక్షి. మొదట అడిగేమంటే కేసు పోయినట్టే.

మరి ముందు ఎవర్ని అడగాలి? నన్నడిగితే గీత రంగుని. స్ట్రీక్ అంటారు. ల్యాబుల్లో దీనికి ప్లేట్లు కొంటారు గానీ అక్కర్లేదండి, ఇది బాత్రూం టైలు ముక్క. నున్నటి వైపు కాదు, తిప్పండి, ఈ గరుకు వైపు. ఎర్రగా ఉండే టైలు పనికిరాదు, వెనక తెల్లగా ఉన్నదే కావాలి, షాపులో విరిగిన ముక్క అడిగితే ఊరికే ఇస్తారు. ఇటు రా అమ్మా, ఇందాక ఇనప రాయి అన్నావు కదా, ఆ నల్ల ముక్క తీసుకుని దీనిమీద గట్టిగా ఒక గీత గియ్యి. భయపడకు, అరగదీయడానికే తెచ్చింది. ఇప్పుడు మైకులో చెప్పు, గీత ఏ రంగు? లేత గోధుమ. అరచేయంత టైలు మీద బిస్కెట్ రంగు చార. రాయి చూస్తే బొగ్గు, గీత చూస్తే ఇది. అదే ఈ పచ్చ ముక్కతో గియ్యి... అసలు కనపడీ కనపడనట్టు లేతపసుపు, దాదాపు తెలుపు.

ఇదండీ పాయింటు. నల్లరాయి నల్లగీత గియ్యాలని మన బుర్ర అనుకుంటుంది. అయస్కాంత రాయి, మాగ్నెటైట్, నిజంగానే నల్లగా గీస్తుంది. గెలీనా అని సీసం ఖనిజం ఉంది, స్ఫాలరైట్ పక్కనే ఒకే గనిలో దొరుకుతుంది, రెండూ అన్నదమ్ముల్లా కలిసే ఉంటాయి చాలాచోట్ల, అది సీసం రంగులో బూడిద నలుపు గీత వేస్తుంది. స్ఫాలరైట్ గీత ఎప్పుడూ తన ఒంటి రంగు కంటే లేతగానే ఉంటుంది, ఎంత నల్లది తెచ్చినా గోధుమ దాటి నలుపులోకి పోదు. గని లోపల బ్యాటరీ లైటు వెలుతురులో నల్లదీ బూడిదదీ ఒకేలా కనిపించినప్పుడు మేం చేసేది కూడా ఇదే, కత్తిమొనతో గీకి ఆ పొడి రంగు చూడ్డం.

కత్తి మాట వచ్చింది కాబట్టి గట్టిదనం కూడా చూసేద్దాం. మోస్ స్కేల్ మీద ఇది మూడున్నర నుంచి నాలుగు. గోరు రెండున్నర, రాగితీగ దగ్గర దగ్గర మూడు, చాకు అయిదున్నర ప్రాంతం. అంటే గోరుతో గీత పడదు, రాగితీగతో పడదు, చాకుతో సుబ్బరంగా పడుతుంది. అద్దాన్ని ఇది గీయలేదు. ఇందాక ఎర్రదాన్ని చూసి గోమేధికం అన్నావు కదా, గోమేధికం గానీ గార్నెట్ గానీ అయితే అద్దం మీద గీత పడి ఊరుకునేది, చాకు దాని మీద జారిపోయేది. ఒక్క చాకుతో తేలిపోయే తగువు అది.

ఇప్పుడొక రకంగా నాకు బాగా ఇష్టమైనది. ఈ లెన్సు పట్టుకుని గోధుమ ముక్కని లైటు కింద నెమ్మదిగా తిప్పండి. ఒక ముఖం తళుక్కుమని ఆరిపోతుంది, కొంచెం తిప్పితే ఇంకోటి, ఇంకా తిప్పితే మరోటి. అవి చెక్కినవి కావు, పగిలినప్పుడు వచ్చిన చదునులు. క్లీవేజ్ అంటారు, రాయి సుత్తిదెబ్బ తగిలినప్పుడు ఎటు పడితే అటు కాకుండా తన లోపలి అల్లిక ప్రకారం కొన్ని దిక్కుల్లోనే విడిపోవడం. గెలీనాకి మూడు దిక్కులు, అన్నీ లంబంగా, అంచేత కొడితే చిన్న చిన్న ఘనాలు రాలతాయి. స్ఫాలరైట్‌కి ఆరు దిక్కులండి! ఖనిజాల్లో ఆరు చోట్ల ఇంత బాగా విడిపోయేవి బహు అరుదు. అందుకే ఎటు తిప్పినా ఏదో ఒక ముఖం మెరుస్తూనే ఉంటుంది, ముఖాల మధ్య కోణాలు అరవై, తొంభై, నూట ఇరవై. ఇది అందరికీ ఒకేసారి కనపడదు, ఓపిగ్గా తిప్పాలి. మరీ సన్న గింజలుగా ఉన్న ముడి ఖనిజంలో అయితే ముఖాలేమీ తెలీవు, ఊరికే మిణుకు మిణుకుమంటుంది, అప్పుడు మళ్ళీ టైలే గతి.

బరువు కూడా చూపిస్తాను, ఇది ఇంట్లో చేసుకోవచ్చు. చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఇది. రాయి పెట్టేను, 123 గ్రాములు. ఇప్పుడు రాయి తీసేసి నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసేను. రాయికి దారం కట్టి, అడుక్కీ పక్కలకీ తగలకుండా నీళ్ళలో వేలాడదీస్తే... చదవండి ఎవరైనా. 30. అంటే ఆ రాయి 30 గ్రాముల నీళ్ళని పక్కకి నెట్టింది. 123ని 30తో భాగించండి, 4.1. అంటే నీళ్ళ కంటే అన్ని రెట్లు బరువు. స్ఫాలరైట్‌కి పుస్తకంలో ఉండేది 3.9 నుంచి 4.1. తెల్ల చెకుముకి రాయి 2.65, గెలీనా ఏడున్నర. గెలీనా చేతిలో పెట్టగానే చెయ్యి కిందకి దిగిపోతుంది, ఇది అలా కాదు, మామూలు రాయి కంటే బరువేమో అని అనుమానం వచ్చేంత మాత్రమే. మీ రాయిలో చెకుముకి కలిసుంటే లెక్క తగ్గుతుంది, అది చూసుకోండి.

ఇంక ముక్కు. ఆ టైలు మీద పొడి ఉంది కదా, దానిమీద ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్కటే, బాత్రూం కడిగే యాసిడ్ లాంటి పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఆగండి... ఇప్పుడు దూరం నుంచి చేత్తో గాలి ఇటు విసురుకుని చూడండి. ఆ! మొహాలు చూస్తేనే తెలుస్తోంది. మురిగిన కోడిగుడ్డు. ఇక్కడ చెరువులున్నవాళ్ళు ఎంతమందో చేతులెత్తండి. మరి మీకు ఈ వాసన కొత్త కాదు, రొయ్యల చెరువు అడుగున నల్లమన్ను కెలికితే వచ్చేది ఇదే గ్యాసు, హైడ్రోజన్ సల్ఫైడ్. అక్కడ కుళ్ళు నుంచి పుడుతుంది, ఇక్కడ రాతిలో గంధకం నుంచి. విషపు గ్యాసండి, మోతాదు ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, వాసన పోయింది కదా అని ధైర్యం చెయ్యకూడదు. పొడి మీద చుక్కతో సరిపెట్టండి, గ్లాసులో రాయి వేసి యాసిడ్ పోసే ప్రయోగాలు వద్దు.

ఈ వాసన పరీక్ష ఊరికే సరదాకి కాదు. సిడరైట్ అని ఇనప కార్బొనేట్ ఉంది, గోధుమరంగు, గట్టిదనం ఇంచుమించు ఇదే, బరువు ఇదే, గీత కూడా లేతగానే. పట్టుకోవడం మహా చిరాకు. దానికి యాసిడ్ కాస్త వేడిచేసి వేస్తే బుసబుసా పొంగుతుంది గానీ వాసన రాదు, వచ్చేది కార్బన్ డయాక్సైడ్. క్లీవేజ్ కూడా మూడు దిక్కులే.

ఎవరో రాయి తెచ్చేమన్నారు, ఏదీ? లంకలో దొరికిందా? సరే ఇలా ఇవ్వు బాబూ. నల్లగా ఉంది, నున్నగా ఉంది. టైలు మీద గీద్దాం... చూసేరా, పొడి రాలలేదు, ఉల్టా టైలే గీరుకుపోతోంది. చాకు ఎక్కట్లేదు. అయస్కాంతం దారానికి కట్టి దగ్గరికి తెస్తే కొంచెం లాగుతోంది. బసాల్ట్ ఇది. నాసిక్ దిగువ నుంచి గోదారి దొర్లించుకొచ్చిన రాయో, ఏటిగట్టుకి పోసిన పంగిడి రాయి జారిపడిందో నేను చెప్పలేను, రెండూ బసాల్టే. (నవ్వులు) నాకు రెండోదే అనిపిస్తోంది.

ఇంకొకరు అంతర్వేది ఇసకలో నల్లచారల గురించి చీటీ రాసేరు, అందులో జింకు ఉందా అని. ఉండదండి. ఆ నల్లది ఇల్మనైట్, మాగ్నెటైట్, ఎర్రగా కనిపించేది గార్నెట్. గాలికీ నీళ్ళకీ తట్టుకుని మిగిలే గట్టి ఖనిజాలవి. స్ఫాలరైట్ అలా మిగలదు. సల్ఫైడ్ కాబట్టి గాలీ నీళ్ళూ తగిలితే మెల్లగా జింకు సల్ఫేటు అవుతుంది, అది నీళ్ళలో ఇట్టే కరిగిపోతుంది. కొండ మీద ఖనిజం బయటపడినా ఇసకలో గింజగా ఇంత దూరం వచ్చేది దాదాపు శూన్యం. అంచేత ఏటి ఇసకలో వెతికి లాభం లేదు, గట్టి రాతిలో, సున్నపురాళ్ళలో, డోలమైట్లలో ఉంటుంది. మన రాష్ట్రంలో పల్నాడు వైపు అగ్నిగుండాల దగ్గర బండ్లమోట్టులో సీసం గని నడిచింది, ఇప్పుడు మూసేసేరు. దేశంలో జింకు ఖనిజం అంటే దాదాపు మొత్తం రాజస్థానే, రాంపురా అగూచా, జావర్, రాజ్‌పురా దరీబా. విశాఖలో జింకు కరిగించే ఫ్యాక్టరీ ఉండేది, అదీ మూతపడింది.

జావర్ పేరెత్తేక నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. ఉదయపూర్ దగ్గర. రాగి, ఇనుము తీసినంత తేలిక కాదు జింకు తియ్యడం. ఖనిజాన్ని కాలిస్తే గంధకం పొగయిపోయి ఆక్సైడ్ మిగులుతుంది, దాన్ని బొగ్గుతో కలిపి కాల్చాలి, సుమారు 1000 డిగ్రీలు కావాలి. కానీ జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది! కొలిమిలో లోహం తయారయ్యేసరికే ఆవిరి, గాలి తగిలితే మళ్ళీ తెల్ల బూడిద. జావర్ వాళ్ళు ఏం చేసేరంటే వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేసి, గొట్టం కిందకి ఉండేలా తలకిందులు పెట్టి, పైన మంట పెట్టి, ఆవిరి కిందకి దిగి చల్లటి కుండలో లోహమయ్యేలా కట్టేరు. ఒక్కో కొలిమిలో 36 మూసలు. సుమారు 800 ఏళ్ళ కిందటే ఇది పరిశ్రమ స్థాయిలో నడిచింది. ఇంగ్లాండులో ఛాంపియన్ అనే ఆయన 1738లో పేటెంటు తీసుకున్నాడు, జర్మనీలో మార్‌గ్రాఫ్ 1746లో వేరుచేసి చూపించేడు, పాఠాల్లో వీళ్ళ పేర్లే కనపడతాయి, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ వాడేసిన మూసలు అక్కడ గుట్టలుగా పడున్నాయి, ఊళ్ళోవాళ్ళు వాటితోనే గోడలు కట్టుకున్నారు.

ఆ పచ్చ ముక్కని మళ్ళీ చూపించమంటున్నారా? చూపిస్తాను, దాంట్లో ఒక విశేషం ఉంది. కాంతిని రంగులుగా విడగొట్టే గుణంలో ఇది వజ్రాన్ని మూడింతలు మించిపోతుంది, లెక్కల్లో చెప్పాలంటే వజ్రానికి 0.044, దీనికి 0.156. స్పెయిన్‌లో ఆలివా గని నుంచి వచ్చినవి సానబడితే కళ్ళు చెదురుతాయి. అయినా ఉంగరానికి పనికిరాదు, చాకుతో గీత పడే రాయి, పైగా ఆరు దిక్కుల్లో పగిలే రాయి, వేలికి పెట్టుకుని గిన్నెలు తోమితే సాయంత్రానికి ఏం మిగులుతుంది? ఎవరైనా అమ్మజూపితే చూసి ఆనందించి వచ్చేయండి.

దీంట్లో ఇనుముతో పాటు కొసరుగా కాడ్మియం, ఇండియం, గాలియం, జెర్మేనియం కూడా దాక్కునుంటాయి. ఇండియం అనే లోహం 1863లో జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో మొదట బయటపడింది జింకు ఖనిజాన్ని పరీక్షిస్తుంటేనే. మీ ఫోను టచ్‌స్క్రీను మీద కనపడని పూతలో ఉండేది ఆ ఇండియమే. ఫిజిక్సు వాళ్ళకి రూథర్‌ఫర్డ్ బంగారు రేకు ప్రయోగం తెలుసు కదా, ఆల్ఫా కణం తగిలిన చోట మినుక్కుమన్న తెర జింక్ సల్ఫైడ్‌దే, రాయి కాదు, ల్యాబులో చేసిన పొడి, పదార్థం మాత్రం అదే.

ఇంక ప్రశ్నలేమన్నా ఉంటే... చెప్పండి రాజుగారూ. మీ చేలో జింకు లోపం ఎందుకొస్తోంది అనా? గోదారి ఇంత ఒండ్రు తెస్తుంటే జింకు ఎందుకు లేదని. మంచి ప్రశ్నండి. చాలా నేలల్లో జింకు లేకపోవడం కాదు, ఉన్నది మొక్కకి అందకపోవడం. నెలల తరబడి నీళ్ళు నిలిచిన నేలలో జింకు కరగని రూపాల్లోకి పోతుంది, అందులో ఒకటి సాక్షాత్తూ ఈ జింక్ సల్ఫైడే, మన బల్ల మీద ఉన్న పదార్థమే! దానికి తోడు ఏటేటా భాస్వరం ఎరువు దట్టించేస్తున్నాం, అది కూడా జింకుని పట్టేసుకుంటుంది. ఊడ్చిన రెండు నాలుగు వారాల్లో కింది ఆకుల మీద తుప్పురంగు మచ్చలు, దుబ్బు కట్టకుండా గిడసబారడం, అదీ గుర్తు. చాన్నాళ్ళు దీన్ని తెగులనుకున్నారు, 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నేనే గారు, అది ఆయన ఇంటిపేరండి, ఇది జింకు లోపం అని తేల్చేరు.

జింకు సల్ఫేటుని డి.ఎ.పి.లో కలిపి చల్లొచ్చా అంటే, వద్దు. భాస్వరం ఎరువుతో కలిపితే రెండూ కట్టుకుపోయి డబ్బు దండగ, మధ్యలో కొన్ని రోజులు ఎడం ఇవ్వండి. ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోలు అని మనవాళ్ళు చెప్పే లెక్క 21 శాతం రకానికి, దాంట్లో జింకు నాలుగు కిలోల చిల్లర. ఇప్పుడు 33 శాతం రకం కూడా వస్తోంది, అది పన్నెండు పదమూడు కిలోలు చాలు. రెండూ తెల్లగానే ఉంటాయి, చూసి తేడా చెప్పలేరు, సంచి మీద శాతం చదివి కొనండి.